గని–కాల్వ ఫాల్ట్ కింద చమురు ఎందుకు లేదు?

కర్నూలు దగ్గర గని, కాల్వ ఊళ్ల పేరుతో ఫాల్ట్ (భూమిలో రాళ్లు పగిలి జారిన చోటు) ఉంది, ఫాల్టులున్న చోటే చమురంటారు, మరి ఇక్కడెందుకు తీయరని అడిగారు. ఫాల్ట్ చమురును పుట్టించదండీ. కదిలే చమురుకు దారైనా ఇస్తుంది, అడ్డమైనా పడుతుంది.

ఒత్తిడి రాతి బలాన్ని మించితే రాయి పగిలి, ఒక పక్క బండ రెండో దాన్ని ఒరుసుకుంటూ జారుతుంది. సాగదీతతో కిందికి దిగితే నార్మల్ ఫాల్ట్. కృష్ణా–గోదావరి బేసిన్‌లో (బేసిన్ అంటే పొరలు పొరలుగా ఒండ్రు పేరుకున్న పల్లం) ఎక్కువగా ఇవే. అదిమితే పైకెక్కేది రివర్స్ ఫాల్ట్. నల్లమల రాళ్లు పడమరకు తోసుకొచ్చి కర్నూలు పొరల మీదికి ఎక్కింది ఇలాగే.

అసలు సంగతల్లా జారాక ఏ పొర ఎదుట ఏ పొర నిలిచిందన్నదే. అనంతపురం వైపు డోలరైట్ డైక్ (భూమిలో గోడలా నిలిచిన నల్లరాయి) అడ్డొస్తే నీళ్లు ఎగువ పక్కనే ఆగుతాయి చూడండి, ఇసుకరాయికి షేల్ (గట్టిపడిన బురద రాయి) ఎదురైతే చమురూ అలాగే ఆగుతుంది. ఇసుకరాయికి ఇసుకరాయే ఎదురైతే ఫాల్ట్‌లో నలిగిన బంకమట్టిని లెక్కగట్టాలి. ఆ చోటు దాటి జారిన 60 మీటర్ల పొరల్లో బంకమట్టి 15 మీటర్లుంటే 25 శాతం. మామూలుగా 15–20 శాతం దాటితేనే ఫాల్ట్ చమురును ఆపుతుందని ఆశ పెట్టుకుంటాం.

లెక్క తప్పేది ఎక్కువగా ఫాల్ట్ కొసల్లో. జారుడు నడుమ 60 మీటర్లున్నా కొసకు వచ్చేసరికి సున్నా. ఇసుకరాయి మందం 40 మీటర్లయితే, జారుడు 20కి తగ్గిన చోట సగం పొర తనకు తానే ఎదురుగా ఉంటుంది, చమురు అటునుంచి జారుకుంటుంది. ఒక్క సీస్మిక్ లైన్ (నేలలోకి కంపనాలు పంపి ఒక గీత వెంట తీసిన పొరల చిత్రం) చూసి గీసిన మ్యాపును అందుకే నమ్మను. చమురు వెళ్లిపోయాక పుట్టిన ఫాల్ట్ కూడా దండగే.

ఇక గని–కాల్వ ఫాల్ట్ ఉన్న కడప బేసిన్. అడుగు రాళ్ల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. పాతవి కాబట్టి లేదనుకోవద్దు. ఒమన్‌లో, తూర్పు సైబీరియాలో కేంబ్రియన్‌కు ముందునాటి (దాదాపు 54 కోట్ల ఏళ్లకు మించిన) రాళ్ల నుంచీ తీస్తున్నారు. చిక్కు వేడితో వచ్చింది. నూనె తయారయ్యేది సుమారు 60–120 డిగ్రీల మధ్య, అడుగు పొరలు కిలోమీటర్ల లోతున ఆ హద్దు దాటి ఉడికాయి. పైన బనగానపల్లె, పాణ్యం క్వార్ట్‌జైట్లలో (బాగా గట్టిపడిన ఇసుకరాళ్లలో) రేణువుల సందులను సిలికా పూడ్చేసింది, నిలవడానికి జాగా తక్కువ.

బోరు నీళ్ల మీద రంగురంగుల తెట్టు చూసి చమురనుకునేవాళ్లూ ఉన్నారు. పుల్లతో కదపండి: పెంకుల్లా విరిగి విడిగా ఉండిపోతే ఇనుము తెట్టు, వెంటనే కలిసిపోతే నూనె. నూనే అయితే ముందు మోటారు, రిగ్గు కంప్రెసర్ ఆయిల్‌ను అనుమానించండి.