అన్నీ ఫోన్‌లో సేవ్ అయి ఉండగా ఇంకా నంబర్లు కంఠతా పెట్టుకోవాలా?

"ఫోన్‌లోనే అన్నీ ఉంటే నంబర్లు గుర్తుపెట్టుకోవడం దండగ కదా? మీకు ఎన్ని నోటికొచ్చు?" అని అడిగారు. దండగ కాదండీ. ఇంట్లోవాళ్ళవి కనీసం మూడు నంబర్లు నోటికి రావాల్సిందే. ఊరికే చెప్తున్న మాట కాదు ఇది. పోయిన ఏడాది డిసెంబరులో తిరుమల కొండమీద ఒక రాత్రి అనుభవించి చెప్తున్నా.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. 1994 నుంచి ఏడేళ్ళు చిత్తూరు సంతపేటలో మా మేనమామ ఎస్టీడీ బూత్‌లో, అంటే డబ్బులిచ్చి బయటూళ్ళకు ఫోన్ చేసుకునే చోట, కూర్చున్నా. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్రంకెలు పరుగులు తీసే మీటరు. మామిడికాయల కాలం వచ్చిందంటే దామలచెరువు మండీకి పోయొచ్చే దళారులు చార్జీ తగ్గే వేళ కోసం రాత్రి పొద్దుపోయేదాకా బయట బెంచీ మీద కాచుకోనుండేవాళ్ళు. ఊరికో కోడ్ ముందు కొట్టాలి, మద్రాసు 044, బెంగుళూరు 080. రాయవేలూరు ఆస్పత్రిలో మనిషిని పెట్టుకున్నవాళ్ళు ఏ వేళలోనైనా వచ్చేవాళ్ళు, దానికి 0416. రోజూ వచ్చేవాళ్ళయితే నంబరు రాసిన చీటీ జేబులోంచి తీసేలోపే నేను కొట్టేసేవాణ్ణి. రెండొందల నంబర్లకు తక్కువ లేకుండా నోట్లో ఉండేవి. చూసి చదివి నేర్చుకున్నవి కావు. వేళ్ళే నేర్చుకున్నాయి.

అప్పుడు నంబర్లు చిన్నవి కాబట్టి గుర్తుండేవి అంటారు చాలామంది. అది సగమే నిజం. చిత్తూరులో ఇంటి నంబరు మొదట అయిదంకెలే. తర్వాత అన్నిటికీ ముందు 2 చేర్చారు, ఆరయింది. తిరుపతిలో ఏడు. చిత్తూరు కోడ్ 08572, తిరుపతిది 0877. మొదటి సున్నా తీసేసి కోడ్, నంబరు కలిపి లెక్కపెట్టండి, రెండు ఊళ్ళకూ పదంకెలే. అంటే బయటూరికి ఫోన్ చేసేవాడు అప్పుడూ పదంకెలు మోసినవాడే. ఇప్పుడు సెల్ నంబరూ పదే. పెరిగింది అంకెలు కాదు, మన బద్ధకం.

ఇక కొండమీది సంగతి. మేముండేది తిరుపతి కొర్లగుంటలో. అమ్మకు డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అయినా ధనుర్మాసం రాకముందే ఒకసారి స్వామిని చూసి రావాలని పట్టుబట్టింది. నేను, నా భార్య, అమ్మ, ముగ్గురం బస్సులో పోయినాం. గుళ్ళోకి ఫోన్లు తీసుకుపోనివ్వరని తెలిసిందే. నా ఫోన్, నా భార్య ఫోన్ ఒకే సంచిలో వేసి క్యూలోకి పోకముందే ఇచ్చేసి, చీటీ ఆమె పర్సులో పెట్టుకుంది. అమ్మకు ఫోన్ లేదు.

దర్శనం బాగా జరిగింది. బయటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. చలి, దానికి తోడు సన్నటి మంచు. "నేను పోయి లడ్లు తెస్తా. మీరిద్దరూ ఫోన్లు తీసుకోండి. గుడి ఎదురుగా కలుద్దాం" అన్నా. గుడి ఎదురుగా అంటే నా మనసులో బేడి ఆంజనేయస్వామి గుడి. ఆ మాట నోటితో చెప్పలేదు. తప్పు నాదే.

లడ్లు తీసుకొచ్చి బేడి ఆంజనేయస్వామి ముందర నిలబడ్డా. అఖిలాండం దగ్గర కర్పూరం భగభగా మండతా ఉంది, టెంకాయలు కొడతా ఉన్నారు. పది నిమిషాలయింది, అరగంటయింది, ఎవరూ రాలేదు. ముప్పావుగంట దాటినాక భయం పట్టుకుంది. మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదవతా ఉన్నారు, ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో, మళ్ళీ కన్నడంలో, హిందీలో. చిన్నప్పటి నుంచి కొండకు పోయినప్పుడల్లా వింటున్న పిలుపులే. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు ఒక్కో పేరూ చెవొగ్గి విన్నా.

పక్కనే తిరువణ్ణామలై నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. గుండు, నుదుట ఇంకా తడారని గంధం. వచ్చీరాని తమిళంలో ఒక్క కాల్ చేసుకుంటానని అడిగితే వెంటనే ఫోన్ తీసిచ్చాడు. అద్దం ఒక మూల పగిలి, పైన సెల్లోటేపు అంటించి ఉంది. కీప్యాడ్ తెరిచి నా భార్య నంబరు కొట్టబోయినా. 9, 4, 4, 0. బొటనవేలు అక్కడే ఆగిపోయింది.

ఇరవైయేడేళ్ళ కాపురం. ఆ నంబరు తీసుకుని పద్దెనిమిదేళ్ళు. రోజుకు నాలుగైదు సార్లు మాట్లాడతాం. కానీ ఆ నంబరును నేను ఎన్నడూ కొట్టలేదు. ఆమె పేరును నొక్కినా, అంతే. కళ్ళు మూసుకుని తలచుకుంటే వచ్చింది ఏ నంబరో తెలుసా? 1997లో మా చిత్తూరు ఇంటికి పెట్టించిన లైను నంబరు. అది తీసేసి పదిహేనేళ్ళు దాటింది. ఇంకొంచెం ఆలోచిస్తే బెంగుళూరులో ఒక టమోటా వ్యాపారి నంబరు కూడా వచ్చింది. ఆయన బతికున్నాడో లేడో కూడా తెలీదు. నా భార్యది రాలేదు, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకుది రాలేదు. తిరువణ్ణామలై ఆయనకు ఫోన్ తిరిగిచ్చేటప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండొందల నంబర్లు మోసిన తల ఇది.

అటుపక్క జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఫోన్ల కౌంటరుకు పోతా ఉంటే జనం తోపులో అమ్మ చెయ్యి వదిలిపోయింది. నా భార్య సంచి తీసుకుని అమ్మ కోసం అటూ ఇటూ పరిగెత్తతా ఉంది. అమ్మ మాత్రం ఒక్క అడుగు కూడా కదల్లేదంట. మంచినీళ్ళ కొళాయి పక్కన గట్టు మీద కూర్చుని, దారిన పోయే కుర్రాణ్ణి పిలిచి, "నాయనా, ఒక నంబరు చెప్తా, కొట్టు" అనిందంట. "చెప్పవ్వా" అన్నాడు. చెప్పింది, పదీ చెప్పింది. అది నా నంబరు. నా ఫోన్ మోగింది నా భార్య చేతిలోని సంచిలో. పది నిమిషాల్లో అత్తాకోడళ్ళు కలిసినారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను వెతుక్కుంటా వచ్చినారు. మూడో తరగతితో బడి మానేసిన మనిషిని పట్టుకోవడానికి పది నిమిషాలు. నన్ను పట్టుకోవడానికి గంటంబావు.

"నా నంబరు నీకెట్లా గుర్తుందిమా?" అని బస్సులో అడిగినా. "గుర్తేముంది రా, ఇంట్లోవాళ్ళే కదా" అనింది. చివరి అంకెలు 3, 2, 0, 5. ముగ్గురక్కలు, ఇద్దరన్నలు, సున్న, చేతికి అయిదు వేళ్ళు. ముందరివి జతలుగా చెప్తుంది, "తొంభై నాలుగు, నలభై" అని. మనిషి బుర్రలో ఒక్కసారికి ఏడు, ఎక్కువో తక్కువో రెండు ముక్కలు నిలుస్తాయని 1956లోనే జార్జ్ మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. పదంకెలు విడివిడిగా పదిముక్కలు. మా అమ్మ లెక్కలో జతలు, చుట్టాలు కలిసి అంతకంటే తక్కువే. ఆయన పేరు ఆమెకు తెలీదు. మా కొడుక్కయితే "ఎనభై తొమ్మిది" అంటే ఎయిటీ నైన్ అని ఒక క్షణం ఆగి తేల్చుకోవాలి. ఇక జతలెట్లా కడతాడు?

నన్నడిగితే మన తల ఖాళీగా ఏమీ లేదు, చెత్తతో నిండింది. రోజుకు ఆరేడు ఓటీపీలు. గ్యాస్ బండకొకటి, కొరియర్ అబ్బాయికొకటి, కరెంటు బిల్లుకొకటి. ఆరంకెలు చూసి, పెదాల మీద అనుకుంటా కొట్టి, మరుక్షణం మరచిపోతాం. అంకెలంటే మరచిపోవాల్సినవే అని బుర్రకు మనమే అలవాటు చేస్తున్నాం. ఎవరినైనా నంబరు అడిగితే "మిస్డ్ కాల్ ఇస్తా అన్నా, సేవ్ చేసుకో" అంటాడు తప్ప నోరు తెరిచి చెప్పడు. వినని నంబరు చెవిలో ఎట్లా నిలుస్తుంది?

ఇంకొకటి. నంబరు గుర్తుంటే చాలదు, అవతలివాళ్ళు ఎత్తాలి కూడా. లోన్ కావాలా, ప్లాటు కావాలా అని పొద్దస్తమానం చంపుతుంటే తెలియని నంబరు ఎవరెత్తుతారు? అమ్మకాల కాల్స్ 140తో మొదలవ్వాలని నియమం. అయినా మామూలు నంబర్లలాగే కనబడి వచ్చేవాటికి లెక్కలేదు. 1909 నంబరుకు ఫోన్ చేసి చెప్పి ఆపించుకోవచ్చు, నేను ఆపించుకున్నా, కొంత తగ్గాయి. ఆ రాత్రి నా భార్య కంగారులో ఉంది కాబట్టి ఎవరిదో చూడకుండా ఎత్తింది. మామూలు రోజయితే కట్ చేసేది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటుంది.

మా వీధిలో ఎల్‌కేజీ పిల్లలు ఇంగ్లీషు పాటలు పది పాడతారు. "మీ నాన్న నంబరు చెప్పమ్మా" అంటే నోరు తెరిచి చూస్తారు. "ఐడీ కార్డు మీద ఉంది గదనా" అంటారు పెద్దోళ్ళు. గంగజాతరకు పిల్లల్ని మెడలో ఐడీ కార్డు వేసి తీసుకుపోతారా? బడుల్లో మొదటి వారంలోనే అమ్మానాన్నల నంబరు అప్పజెప్పించుకోవాలి, ఏబీసీడీల కంటే ముందు. ఇంట్లో అయినా అన్నం పెట్టే ముందు ఒకసారి అడగండి. అట్లనే మీ ఫోన్ లాక్ తీయకుండానే కనబడేట్టు ఎమర్జెన్సీ నంబరు పెట్టుకోండి, ఆ సౌకర్యం దాదాపు అన్ని ఫోన్లలో ఉంది. రోడ్డు మీద పడిపోయినవాడి ఫోన్ తాళమేసుకుని ఉంటే పక్కవాడు ఏం చేస్తాడు?

ఇప్పుడు నాకు నాలుగు నంబర్లు నోటికొచ్చు. భార్యది, కొడుకుది, తమ్ముడిది, పక్కింటివాళ్ళది. నా భార్యకు ఫోన్ చేయాలంటే పేరు నొక్కడం మానేసి అంకెలే కొడుతున్నా. మొదటి వారం మూడుసార్లు తప్పు నంబరు పోయింది. పలమనేరులో ఎవరో పెద్దాయన ఎత్తి, మూడోసారికి గొంతు గుర్తుపట్టి "బాగుండారా?" అని అడిగినాడు.

అమ్మ ఇప్పుడు కోడలి నంబరు నేర్చుకుంటా ఉంది. రాత్రి సంగటి ముద్ద చేస్తా కూడా అనుకుంటా ఉంటుంది. ఏడు వచ్చినచోట ఏడుకొండలు పెట్టుకుంది. ఎనిమిదికి మా తాత ఎనిమిదెకరాల మామిడితోట. చివర ఒకటి ఉంది. దానికేం పెట్టుకున్నావమ్మా అంటే, మీ నాయన అనింది.