సముద్రంలో పడిన జాన్ హౌలాండ్, అతని ఇల్లాలు ఎలిజబెత్ టిల్లీ

ప్రశ్న: మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్ళిన జాన్ హౌలాండ్ నిజంగా సముద్రంలో పడి బతికాడా? అతని జీవితం, కుటుంబం గురించి తెలిసినవారు చెప్పండి.

పడ్డాడు, బతికాడు. అందులో అనుమానం అక్కర్లేదు. అదే ఓడలో ప్రయాణించి, తర్వాత వాళ్ళు స్థిరపడిన ప్లిమత్ వలసకు (ఇప్పటి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది) ఏళ్ళ తరబడి గవర్నరుగా ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసి పెట్టాడు. 1620 శరత్కాలం, అట్లాంటిక్ నడిమధ్య తుపాను. తెరచాపలు దించేసి ఓడను గాలికి వదిలేశారు. అడుగు అంతస్తులో ఊపిరాడక కాబోలు, హౌలాండ్ పైకి వచ్చాడు. ఓడ ఒక్కసారిగా ఒరిగింది, మనిషి నీళ్ళలో పడ్డాడు. పై తెరచాపను ఎత్తే తాడొకటి ఓడ పక్కన నీళ్ళలోకి జారి ఉంది. అది చేతికి దొరికింది. కొన్ని బారల లోతుకు మునిగిపోయినా పట్టు వదల్లేదు. ఆ తాడుతోనే పైకి లాగి, పడవ కొక్కెం తగిలించి ఓడలోకి చేర్చారు. తర్వాత కాస్త జబ్బుపడి లేచాడు.

హౌలాండ్‌ది ఇంగ్లండులో ఫెన్‌స్టాంటన్ అనే ఊరు. ఓడ ఎక్కేనాటికి జాన్ కార్వర్ అనే సంపన్నుడి దగ్గర పనికి కుదిరిన యువకుడు. అయినా తమను తామే పాలించుకుంటామని దిగేముందు ఓడలో చేసుకున్న ఒప్పందంపై సంతకం పెట్టిన 41 మందిలో అతని పేరు పదమూడోది. కార్వర్ వలసకు మొదటి గవర్నరయ్యాడు, 1621 ఏప్రిల్‌లో చనిపోయాడు, కొద్ది వారాలకే ఆయన భార్య కూడా పోయింది. హౌలాండ్ క్రమంగా పెద్దమనిషి అయ్యాడు. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో కెనెబెక్ నది మీద ఉన్న బొచ్చుతోళ్ళ వర్తక స్థావరానికి అధికారిగా ఉండగా, 1634లో హాకింగ్ అనే వేరే వర్తకుడు వీళ్ళ హద్దులోకి వచ్చి వ్యాపారానికి దిగాడు. హౌలాండ్ అతని పడవ లంగరు తాళ్ళు కోయించాడు. కాల్పుల్లో రెండు వైపులా ఒక్కొక్కరు చనిపోయారు. ఇలాంటివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వీటి దగ్గర ఆగను.

నేను ప్లిమత్‌కు గంట దూరంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇంటికి చుట్టాలు వస్తే చూపించే ఊళ్ళలో అదొకటి. తాడు కథ ప్రతి గైడూ చెబుతాడు. ఆ తుపాను రోజున అదే ఓడ అడుగు అంతస్తులో కూర్చుని ఉన్న పదమూడేళ్ళ ఎలిజబెత్ టిల్లీ గురించి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. మీరు కుటుంబం గురించి అడిగారు. ఆ కుటుంబానికి మూలం ఆమె.

ఎలిజబెత్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామంలో పుట్టింది. 1607 ఆగస్టులో బాప్తిస్మం ఇచ్చినట్టు అక్కడి చర్చి రికార్డులో ఉంది. తల్లి జోన్, తండ్రి జాన్ టిల్లీ, బాబాయి ఎడ్వర్డ్, పిన్ని, వాళ్ళ వెంట ఉన్న ఇద్దరు చుట్టాల పిల్లలు, అందరూ ఒకే ఓడలో బయలుదేరారు. ఓడలో మొత్తం 102 మంది. డిసెంబరు చలిలో ఒడ్డున గుడిసెలు కట్టుకుంటూ, ఓడకూ నేలకూ మధ్య తిరుగుతూ, తడి బట్టలతో, రోగాలతో వసంతం వచ్చేసరికి సగం మంది పోయారు. ఆ సగంలో ఎలిజబెత్ అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని నలుగురూ ఉన్నారు. ఊరు కాని ఊరు, ఇంగ్లండుకు తిరిగి వెళ్దామన్నా దిక్కులేని పిల్ల. కార్వర్ గారి ఇంట్లో చేరిందని చెబుతారు. ఆ దంపతులు కూడా వెళ్ళిపోయారని పైన రాశాను.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ప్లిమత్‌లో ఆ కాలపు పల్లెను మళ్ళీ కట్టిన మ్యూజియానికి తీసుకెళ్ళాను. గడ్డి కప్పులు, మట్టి నేల, ఆ నాటి దుస్తుల్లో, ఆ నాటి మనుషుల్లాగే మాట్లాడే నటులు. ఒక ఇంట్లో ఒకావిడ పొయ్యి మీద కుండలో ఏదో కలుపుతోంది. గది నిండా పొగ. అమ్మ నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి వంగి చూసి, "కట్టెలు పచ్చివి, అందుకే ఈ పొగ" అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ నవ్వి, పక్కనున్న ఎండు కట్టె ఒకటి పొయ్యిలోకి తోసింది. అమ్మకు అప్పటికే దారిలో మొదటి పంట విందు కథ చెప్పాను. 1621లో పంట చేతికొచ్చాక మూడు రోజులు పండగ చేసుకున్నారని, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ తెగ నాయకుడు మసాసోయిట్ తొంభై మందితో వచ్చాడని, వాళ్ళు అయిదు జింకలు తెచ్చారని, బతికి మిగిలిన వలసదారులు యాభై మంది ఉంటారని. అమ్మ లెక్క వేసుకుంది. "నూట నలభై మంది, మూడు రోజులు. వంట ఎవరు చేశారో అడుగు" అంది.

నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న అది. మా అమ్మాయి బడిలో నాలుగో తరగతిలో ఈ పాఠమే నెలల తరబడి చెప్పారు, ఎవరికీ తట్టలేదు. పొయ్యి దగ్గరున్న ఆవిడను అడిగితే, గరిటె పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. పెళ్ళయి ఓడ ఎక్కిన ఆడవాళ్ళు పద్దెనిమిది మంది. ఆ పంట నాటికి మిగిలింది నలుగురు. ఆ తర్వాత ఆడపిల్లల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది: ఎలిజబెత్ టిల్లీ, ప్రిసిల్లా ముల్లిన్స్, మేరీ చిల్టన్, కాన్‌స్టెన్స్ హాప్‌కిన్స్. అమ్మ ప్రతి పేరుకూ "వయసెంత?" అని అడిగింది. ఎలిజబెత్‌కు పద్నాలుగు అనగానే, "వాళ్ళమ్మ పోయి ఏడాది కూడా కాలేదు కదా" అంది. ఆ తర్వాత ఎక్కువ మాట్లాడలేదు, ఆ పొయ్యి దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది.

ఎవరు ఎంత వండారో ఎవరూ రాసి పెట్టలేదు. అయినా నలుగురు గృహిణులు, ఆ వయసు పిల్లలు తప్ప ఇంకెవరున్నారు? మగవాళ్ళు వేటకు వెళ్ళారని, ఆ విందు గురించి ఇంగ్లండుకు పంపిన ఉత్తరంలో రాసుకున్నారు, ఎన్ని పక్షులు కొట్టారో గొప్పగా చెప్పుకున్నారు. అంట్లు ఎవరు తోమారో చెప్పలేదు. బడి నాటకంలో మగపిల్లలకు బ్రాడ్‌ఫర్డ్, వలస సైనికాధికారి స్టాండిష్ వేషాలిచ్చి, మా అమ్మాయికి పేరు లేని "వలస స్త్రీ" వేషం ఇచ్చారు. ఎలిజబెత్ టిల్లీ అని రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఎలిజబెత్, హౌలాండ్ కొన్నేళ్ళలోనే పెళ్ళి చేసుకున్నారు. 1627లో పశువులను ఊరందరికీ పంచినప్పుడు వీళ్ళకు అప్పటికే డిజైర్, జాన్ అనే ఇద్దరు పిల్లలు. ఆ పంపకంలో వీళ్ళ జట్టులో 13 మంది, వాళ్ళందరికీ కలిపి దక్కిన పెయ్య పేరు రాగ్‌హార్న్. పెయ్య పేరు కూడా రాసిపెట్టారు, నాకు సంతోషమే. పెద్దమ్మాయికి డిజైర్ అనే పేరు, కార్వర్ ఇంట్లో తనతో పాటు ఉన్న డిజైర్ మింటర్ అనే అమ్మాయి మీదుగా పెట్టారని నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అమ్మానాన్నలు లేని పిల్లకు ఆ దిక్కులేని చలికాలంలో తోడున్నది ఆ అమ్మాయే అయ్యుంటుంది.

మొత్తం పదిమంది పిల్లలు. డిజైర్, జాన్, హోప్, ఎలిజబెత్, లిడియా, హన్నా, జోసెఫ్, జేబెజ్, రూత్, ఐజక్. పదిమందీ పెరిగి పెద్దవాళ్ళయ్యారు. ఆ కాలంలో ఇది మాటలు కాదు. 1650ల మొదట్లో బ్రాడ్‌ఫర్డ్ ఓడలో వచ్చినవాళ్ళ పట్టిక వేసి, ఎవరికి ఎంత సంతానమో రాస్తూ, వీళ్ళ పిల్లలూ మనవలూ కలిపి అప్పటికి 15 మంది అని లెక్క తేల్చాడు. తర్వాతి తరాల్లో అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు, రచయిత ఎమర్సన్, నటుడు హంఫ్రీ బోగార్ట్ ఈ వంశంవాళ్ళే.

నాకు కోపం తెప్పించే సంగతి ఇక్కడుంది. చాలాకాలం పాటు హౌలాండ్ భార్య గవర్నరు కార్వర్ కూతురని వారసులు చెప్పుకున్నారు. ప్లిమత్‌లోని బరియల్ హిల్ శ్మశానంలో 19వ శతాబ్దంలో పెట్టిన రాయి మీద కూడా అలాగే చెక్కించారు. గవర్నరు రక్తం అంటే గొప్ప, అనాథ టిల్లీ పిల్ల అంటే నామోషీ. బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి బోస్టన్ నుంచి మాయమై చివరకు లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడి, 1856లో అచ్చయ్యాక గానీ నిజం తేలలేదు. అందులో ఎలిజబెత్ జాన్ టిల్లీ కూతురని ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం లేకపోతే తన సొంత మనవల మనవలే ఆమెను చెరిపేసేవాళ్ళు. ఇప్పుడున్న రాయి మీద సరైన పేరే ఉంది.

మనమేమీ తక్కువ తినలేదు. మా నాన్నగారి వైపు పెద్దలు రాయించిన వంశవృక్షం మా ఇంట్లో ఉంది. ఏడు తరాలు, అన్నీ మగ పేర్లే. ఆడపిల్లలు పుట్టినచోట "కుమార్తెలు ఇద్దరు" అని ఉంటుంది. కోడళ్ళ ఊసే లేదు. జమీందారుతో బంధుత్వం ఉందని మాత్రం మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాశారు.

ఎలిజబెత్ గొంతు మనకు వినిపించేది ఒకేచోట, 1686లో రాయించిన వీలునామాలో. వయసు డెబ్బై తొమ్మిది, జ్ఞాపకం చక్కగా ఉందని మొదట్లోనే చెప్పింది. పెద్ద ఇనుప కుండ, దాన్ని వేలాడదీసే కొక్కేలు జేబెజ్‌కు. పెద్ద ఇత్తడి కాగు ఐజక్‌కు, అది ఇప్పటికే వాడి దగ్గరే ఉందని కూడా గుర్తు చేసింది. లిడియాకు తన పడకల్లో మంచిదైన ఈకల పరుపు, రెండు దిండ్లు, మూడు దుప్పట్లు, ఒక ఆకుపచ్చ రగ్గు, చిన్న ఇత్తడి కాగు, ఉన్నవాటిలో నాణ్యమైన దుప్పట్ల జత. పెద్ద బైబిల్ లిడియా భర్తకు, చిన్నది లిడియాకు. పెద్దకొడుకు జాన్‌కు అయిదు పౌండ్లు, ఒక మతగ్రంథం. లిడియాకు ఎందుకు ఎక్కువ ఇచ్చిందో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. చివరి రోజుల్లో మసాచుసెట్స్‌లోని స్వాన్సీ అనే ఊళ్ళో చూసుకున్నది ఆ కూతురే. మా అమ్మమ్మ కూడా గంగాళం ఎవరికి, బిందెలు ఎవరికి అని సరిగ్గా ఇలాగే చెప్పి వెళ్ళింది, మా పిన్ని వంతు ఎక్కువెందుకో ఎవరూ అడగలేదు.

ఈ కుటుంబం కథలో చెప్పకుండా వదిలేయకూడనిది ఇంకొకటి. వీళ్ళు దిగినచోటు ఖాళీ అడవి కాదు. అది పటక్సెట్ అనే ఊరు. 1616 నుంచి 1619 వరకు వ్యాపించిన అంటురోగంతో ఆ ఊరు ఊరంతా పోయింది. చదును చేసి ఉన్న వాళ్ళ పొలాల్లోనే వీళ్ళు విత్తారు. మసాసోయిట్ కొడుకు మెటాకోమ్ 1675లో తిరగబడినప్పుడు జేబెజ్, ఐజక్ ఇద్దరూ ఇంగ్లీషువాళ్ళ తరఫున యుద్ధానికి వెళ్ళారు. రాకీ నుక్‌లోని హౌలాండ్ ఇల్లు ఆ రోజుల్లోనే తగలబడిందంటారు. యుద్ధం ముగిశాక మెటాకోమ్ తొమ్మిదేళ్ళ కొడుకును బానిసగా అమ్మేశారు. అందుకే 1970 నుంచి ఏటా ఆ మొదటి విందు గుర్తుగా అమెరికా జరుపుకునే థాంక్స్‌గివింగ్ పండగ నాడు ప్లిమత్‌లో కోల్స్ హిల్ మీద మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. విందు పాఠం చెప్పే బడులు ఇది కూడా చెప్పాలి.

ప్లిమత్ చూడాలనుకుంటే రేవు దగ్గర "1620" చెక్కిన బండ కోసం అంత దూరం వెళ్ళకండి. వలసదారులు దిగింది ఆ రాయి మీదేనని మొదట చెప్పింది 1741లో, తొంభై దాటిన ఒక వృద్ధుడు. బ్రాడ్‌ఫర్డ్ దాని మాటే ఎత్తలేదు. శాండ్‌విచ్ వీధిలో జేబెజ్ హౌలాండ్ ఇంటికి వెళ్ళండి. 1667 ప్రాంతంలో కట్టిన ఇల్లు. భర్త 1673లో పోయాక ఎలిజబెత్ కొన్నేళ్ళు అక్కడే ఉంది. మేఫ్లవర్‌లో వచ్చినవాళ్ళు నివసించారని చెప్పగల ఇల్లు ఆ ఊళ్ళో అదొక్కటే మిగిలింది. తెరిచి ఉంచే నెలలు ముందే కనుక్కోండి, చలికాలంలో మూసేస్తారు. ఆమె సమాధి ప్లిమత్‌లో లేదు, రోడ్ ఐలండ్‌లోని ఈస్ట్ ప్రావిడెన్స్‌లో లిటిల్ నెక్ శ్మశానంలో ఉంది. కారులో గంట పైన పడుతుంది.