వేడర్లలో నీళ్లు నిండితే మనిషి మునిగిపోతాడా?

సాల్మన్ చేపల వేటకు నదిలో దిగేవారు పాదాల నుంచి ఛాతీ దాకా తొడుక్కునే, నీరు చొరని దుస్తులైన వేడర్లలో నీళ్లు నిండినా అవి మనిషిని కిందికి లాగవు, ఎందుకంటే లోపలి నీరు, బయటి నీరు ఒకే సాంద్రత గలవి. ఆ బరువు గట్టెక్కేటప్పుడే తెలుస్తుంది. మునిగిపోతామన్న అపోహ అక్కడే పుడుతోంది. అసలు ప్రమాదం ప్రవాహానిది, చలిది. నీటి వేగం రెట్టింపైతే ఒంటి మీద దాని తోపుడు సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే, స్కాట్లాండ్‌లో వడిగా పారే స్పే వంటి నదిలో గుండ్రాళ్ల మీద నడిచేవారు ప్రవాహానికి పక్కకు తిరిగి, కర్రను గట్టిగా ఊనిన తరువాతే, పాదాన్ని పైకెత్తకుండా నేలకు రాస్తూ కొద్దికొద్దిగా జరపాలి. లైఫ్ జాకెట్ వేసుకుని, నీళ్లు త్వరగా చొరబడకుండా నడుము బెల్టు బిగించుకోవడం తప్పనిసరి. జారిపడితే లేచి నిలబడాలని పెనుగులాడకుండా, వెల్లకిలా తేలుతూ, పాదాలను ప్రవాహం సాగే వైపుకు చాచి, చేతులతో గట్టువైపు మళ్లాలి. సాల్మన్ గట్టు దగ్గర కూడా నిలుస్తుంది కనుక, దిగకముందే అక్కడ గాలం వేసి చూడటం మేలు.