టిక్కీల బండి ఎక్కబోతున్న చిన్నోడికి

చిన్నోడా,

హెవీ లైసెన్సు చేతికొచ్చిందని, ఈ సీజన్ నుంచి గుంటూరు యార్డుకు మిర్చి లోడ్లు తోలతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. స్టీరింగ్ గురించి నేను చెప్పేదేం లేదు, ట్రాక్టరు మీద పెరిగినోడివి. లోడు గురించే చెప్తా. 22 ఏళ్లలో నేను తిన్న దెబ్బలన్నీ అక్కడే.

మిర్చి టిక్కీ, అదే బస్తా, 40, 45 కిలోలే గానీ ఒళ్లు పెద్దది, బరువు నిండకముందే ఎత్తు నిండిపోతుంది. మలుపులో బండి ఒరగడం ముందు నీ నడుముకే తెలుస్తుంది. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్‌లో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే సీనియర్లు కనపడతారు, వాళ్లని చూసి నేర్చుకోకు, ఎక్కిన గేరులోనే దిగు. ఊళ్లలో కరెంటు తీగలొస్తే క్లీనర్‌ని దింపి చూపించు. బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకు లోడు సర్దుకుని మోకులు వదులవుతాయి, ఆగి మళ్లీ బిగించు.

ఒకే బండిలో నలుగురైదుగురు రైతుల సరుకుంటుంది. హమాలీలు ఎక్కించేటప్పుడు నువ్వు టీ కొట్టు దగ్గర ఉండకూడదు, ఎవరి గుర్తుతో ఎన్ని టిక్కీలు, ఏ వరుసలో వేశారో చీటీ మీద రాసుకో. దింపేటప్పుడు రెండు తగ్గితే నీ బత్తాలోంచే పోతాయి. సరుకును వదిలి ఉండలేక రైతు లోడు మీద పడుకుని వస్తానంటాడు పాపం. ఎక్కనివ్వకు, తిట్టుకున్నా సరే బస్సులో రమ్మను.

ఒక ఏప్రిల్ రాత్రి కంభం దాటాక వాన పట్టుకుంది. లోడు మీద కప్పిన పట్టాకి బొటనవేలంత చిరుగు. కట్టేటప్పుడే చూశాను, ఎండాకాలంలో వానేంటిలే అనుకున్నాను. తెల్లారి యార్డులో విప్పితే పై వరుసలో ఆరు టిక్కీలు తడిసున్నాయి. ఆ రైతు నన్నొక్క మాట అనలేదు. ఒక కాయ తీసి, తొడిమ దగ్గర వాసన చూసి, మళ్లీ అదే టిక్కీలో పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి దబ్బనం, పురికొస, చిన్న పట్టా ముక్క నా సీటు కిందే ఉంటున్నాయి. నువ్వూ పెట్టుకో.

మిర్చి ఘాటు సంగతి. ముక్కుకి తడి తువ్వాలు కట్టుకో, చేతులకు ముందు కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బుతో కడుగు. ఒంటేలుకి వెళ్లాక కాదు, వెళ్లేముందు కడుక్కో. నవ్వకు, మొదటి వారంలోనే తెలుస్తుంది.

ధాన్యం లోడ్లకు వెళ్తే గొడవ వేరే. పది టైర్ల బండికి సరుకుతో కలిపి ఇరవై ఎనిమిదిన్నర టన్నులే పరిమితి, దాటితే జరిమానా 20,000, పైన టన్నుకు 2,000. ఏం కాదు నేను చూసుకుంటా అని ఓనరు అంటాడు. నా పాత ఓనరు ఒకాయన అలాగే అని మూడు నెలల బత్తాలో కోశాడు. కాటా చీటీ చూడకుండా తాళం తిప్పకు.

శని, ఆదివారాలు యార్డు సెలవు, ఆదివారం రాత్రి బండ్ల లైను ఎక్కడిదాకా ఉంటుందో చెప్పలేం. హాల్టింగ్ డబ్బులు ముందే మాట్లాడుకుని, లైన్లో ఉన్నంతసేపూ సెల్లు పక్కన పడేసి నిద్రపో.

బండెక్కే ముందు ఓసారి ఇంటికి రా. నా పాత మోకులు రెండున్నాయి, కొత్త నైలాన్‌వి జారతాయి. ముడి ఎలా వెయ్యాలో కూడా చూపిస్తా, అది రాస్తే అర్థం కాదు.

పెదనాన్న