పాఠకుల ప్రశ్నలు: పట్టికలో ప్రజాస్వామ్యం

ప్రశ్న: అమెరికన్ కవి వాల్ట్ విట్మన్‌ను శ్రమజీవుల కవి అంటారు. ఆయన కవితల్లో నాకు వడ్రంగి, తాపీ మేస్త్రీ, పడవవాడు అంటూ సాగే పేర్ల పట్టికే కనిపించింది. ఇది ప్రజాస్వామ్య కవిత్వం ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ పట్టికలో ఎవరి పక్కన ఎవరున్నారో ఒకసారి చూడండి. 1855లో వెలువడిన ఆయన కవితా సంపుటి ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’లోని మొదటి దీర్ఘకవితలో, శాలువా ఈడ్చుకుంటూ తూలుతున్న ఒక వేశ్యను చూసి జనం నవ్వుతారు, మగవాళ్లు ఒకరికొకరు కన్నుగీటుకుంటారు, నేను మాత్రం నిన్ను చూసి నవ్వనని ఆమెతో చెప్పిన కవి, ఆ వెంటనే మంత్రులతో కొలువుదీరిన దేశాధ్యక్షుణ్ణి చూపిస్తాడు. ఆమెకు మూడు పాదాలు దక్కితే అధ్యక్షుడికి దక్కింది ఒక్కటే. కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిపతి వంశస్తుతితో కావ్యాలు మొదలుపెట్టిన సంప్రదాయం నుంచి వచ్చిన మనకు ఈ వరుస ఎంత తెగువతో కూడినదో త్వరగానే అర్థం కావాలి.

విట్మన్ వడ్రంగి కొడుకు. చిన్నతనంలోనే అచ్చుపని నేర్చి, ఈ పుస్తకంలో కొంత భాగానికి తన చేతులతోనే అక్షరాలు కూర్చాడు. ముఖపత్రం మీద కవి పేరు లేదు. దానికి ఎదురుగా, చొక్కా గుండీ విప్పి, టోపీ పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసి నిలబడిన పనివాడిలాంటి మనిషి బొమ్మ మాత్రం ఉంది.

మీరు చదివిన కవిత బహుశా 1860 నాటి ‘ఐ హియర్ అమెరికా సింగింగ్’ కావచ్చు. అందులో ఎవరి పాట వారిదే, బట్టలుతికే పిల్లతో సహా. అయితే కూలి గురించి గాని, పని గంటల గురించి గాని ఒక్క మాటా లేని ఆ కవిత నాకు కాస్త పండుగ వాతావరణంలోనే ఆగిపోయినట్టు అనిపిస్తుంది. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న ఆ సంవత్సరంలో, పాడేవారి వరుసలో బానిస పేరెత్తలేదు. 1855 నాటి కవితలో మాత్రం కవి, పారిపోయి వచ్చిన బానిసకు స్నానానికి నీళ్లు తోడి, మెడ మీద, చీలమండల మీద ఉన్న పుండ్లకు కట్టుకట్టి, భోజనాల బల్ల దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడు.

1860 నాటి కవితలోని ఆ లోటును నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1925లో ‘ఐ, టూ’ అనే చిన్న కవితతో ఎత్తిచూపాడు. అమెరికాను నేనూ గానం చేస్తానంటూ మొదలుపెట్టిన ఆ కవితలోని మనిషిని, అతిథులు వచ్చినప్పుడు వంటింట్లో తినమని పంపేస్తారు. అతడు నవ్వుతూ, కడుపునిండా తింటూ, రేపు బల్ల దగ్గరే కూర్చుంటానంటాడు.