అల్లుడూ, తప్పుకి పేరు పెట్టు

అల్లుడూ,

నువ్వు పంపిన ధాన్యం కొనుగోలు ప్రోగ్రాం నడిపి చూశాను. బస్తాలు, తేమ శాతం అడిగి లెక్క కట్టడం బాగానే ఉంది గానీ, ఏం తప్పు కొట్టినా ‘ఎర్రర్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటోంది. అది మార్చాలి.

ఓ ఏడు దాళ్వా కోతలప్పుడు వాన పడింది. మండపేట దగ్గరికి ట్రాక్టర్ మీద ధాన్యం తీసుకెళ్తే కొనేవాళ్లు ‘తీసుకోం’ అన్నారు, అంతే. తేమా, తాలా, రంగు మారిందా, ఏదీ చెప్పలేదు. తేమ 17 శాతం దాటిందని పొద్దున్నే చెప్పుంటే వెనక్కొచ్చి బరకాలు పరుచుకునేవాణ్ణి, సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. నీ ప్రోగ్రాం వాడేవాళ్లని అలా నిలబెట్టకు.

తేమ 19 అంటే ధాన్యం పచ్చిగా ఉంది, ఆరబెట్టుకుని రమ్మనాలి. 190 అంటే వేలు జారింది, మళ్లీ కొట్టమనాలి. అవతలి మనిషి చేయాల్సిన పని వేరు కాబట్టి ఎక్సెప్షన్ క్లాసులూ, అంటే ఫలానా తప్పు జరిగిందని ప్రోగ్రాం చెప్పే పేర్లూ, రెండుండాలి. పైథాన్‌లో ఇదేం పెద్ద పని కాదు, ఎక్సెప్షన్ నుంచి క్లాస్ తీసుకుని లోపల పాస్ అని రాసినా చాలు, రైజ్ చేసేటప్పుడు, అంటే ఆ తప్పుని బయటపెట్టేటప్పుడు మాత్రం కొట్టిన అంకె, ఉండాల్సిన హద్దు రెండూ మెసేజ్‌లో పెట్టు. అంకె బదులు అక్షరాలు కొడితే, కొట్టినదాన్ని దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ మామూలుగా తనే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది, దానికి కొత్త క్లాస్ అక్కర్లేదు.

కానీ ఒక్కచోట అది జరగదు, చేసి చూడు. తేమ అడిగినప్పుడు ఎన్, ఏ, ఎన్ అని మూడక్షరాలు కొట్టు. ఫ్లోట్ ఏమీ అనదు, ‘అంకె కాదు’ అనే విలువగా తీసేసుకుంటుంది. సున్నా కంటే తక్కువా అంటే కాదు, వంద కంటే ఎక్కువా అన్నా కాదు, అలా నీ ఇఫ్ షరతు దాటుకుని లెక్కలోకి వచ్చేస్తుంది! అందుకే ‘సున్నాకీ వందకీ మధ్య లేకపోతే’ అని తిప్పి రాయి.

ఏ తప్పో పేరు చెప్పకుండా అన్నిటినీ పట్టేసే ఆ ఒట్టి ఎక్సెప్ట్ తీసెయ్. వైల్ లూప్‌లో అదుంటే కంట్రోల్ సీ నొక్కినా ప్రోగ్రాం ఆగదు, నువ్వు వేరియబుల్ పేరు తప్పు రాసినా అది మింగేస్తుంది, రాత్రంతా వెతుక్కుంటావు.

బస్తాలకి పూర్ణాంకాలే తీసుకునే ఇంట్ పెట్టావు, 12.5 కొడితే తీసుకోవడం లేదు. బస్తా 75 కిలోలని నువ్వే రాశావు కదా, మరి కళ్లంలో చివరికి మిగిలే అరబస్తా సంగతేంటి? మీ నాన్నని అడిగి రాయి, ఆదివారం చూస్తాను.

మావయ్య