క్లయింటుకు ‘ఆర్ అండ్ డీ’ అయితే మనకు పన్ను తగ్గుతుందా?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని అమెరికా క్లయింటుకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఒక పాఠకుడు అడిగారు. ఏడాదికి 36 లక్షలు బ్యాంకులోనే పడతాయి. జీతాలు, అద్దె, ఇంటర్నెట్ కలిపి ఖర్చు 14 లక్షలు. ‘మీ పని మా లెక్కల్లో ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) కిందికి వస్తోంది, పన్ను ఎక్కువ పడుతోంది, రేటు తగ్గించండి’ అంటున్నాడట క్లయింటు. హైదరాబాద్ స్నేహితుడేమో ‘ఆర్ అండ్ డీ అయితే ఖర్చుకు రెట్టింపు మినహాయింపు’ అన్నాడట.

మీ స్నేహితుడిది పాత ముచ్చట. మన ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35(2ఏబీ)లో పరిశోధన ఖర్చుకు ఇచ్చిన 200 శాతం మినహాయింపు 2017 మార్చితో పోయింది. తర్వాత 150 అయింది, 2020 ఏప్రిల్ నుంచి వందే. అప్పుడైనా అది బయోటెక్నాలజీ, వస్తూత్పత్తి కంపెనీలకు, డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం) ఆమోదం ఉంటేనే దక్కేది. వందకు వంద మినహాయింపు మామూలు వ్యాపార ఖర్చుగా రాసుకున్నా వస్తుంది. పైగా మన చట్టం దృష్టిలో శాస్త్రీయ పరిశోధన అంటే సహజ, అనువర్తిత శాస్త్రాల్లో జ్ఞానాన్ని పెంచే పని. యాప్‌లో పేమెంట్ బటన్ పెట్టడాన్ని అందులో ఇరికించబోతే నోటీసు తప్ప మిగిలేదేమీ ఉండదు.

మీరు చూడాల్సింది సెక్షన్ 44ఏడీఏ, అంటే వృత్తి నిపుణులు ఖర్చుల లెక్క చూపకుండా అంచనా ఆదాయం మీద పన్ను కట్టే పద్ధతి. ఐటీ వృత్తి అందులోకి వస్తుంది. నగదు రాబడి 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా వర్తిస్తుంది. వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపిస్తే చాలు, అంటే 18 లక్షలు. అసలు ఖర్చులు రాసి చూపిస్తే పన్ను 22 లక్షల మీద పడుతుంది. ఇంత తేడా పెట్టుకుని ఆర్ అండ్ డీ టెన్షన్ ఎందుకు? ఒకటే షరతు, విడిగా ఏ ఖర్చూ చూపించలేరు, కంప్యూటర్ల తరుగుదలతో సహా. అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15లోగా కట్టేయండి. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. పాతవి చెప్పినా మీ సీఏకు అర్థమవుతుంది.)

క్లయింటు మాత్రం అబద్ధమాడట్లేదు. అమెరికా చట్టం సెక్షన్ 174లో సాఫ్ట్‌వేర్ తయారీని నేరుగా పరిశోధన ఖర్చుగానే చూస్తారు. 2022 నుంచి ఆ ఖర్చును అమెరికాలోనే చేయిస్తే 5 ఏళ్లకు, విదేశంలో అయితే 15 ఏళ్లకు పంచి రాసుకోవాలని పెట్టారు. 2025 జులైలో వచ్చిన చట్టం స్వదేశీ పనికి ఆ బాధ తప్పించింది కానీ మనలాంటి వాళ్ల పనికి 15 ఏళ్లు అలాగే ఉంచింది. మీకు 30 లక్షలు ఇచ్చాడనుకోండి, 15 ఏళ్లకు పంచితే ఏడాదికి 2 లక్షలు, మొదటి ఏడాది అందులో సగం లెక్కే కాబట్టి అతను ఖర్చుగా రాసుకోగలిగేది లక్ష.

అయితే ఆ మినహాయింపు పోవట్లేదు, వాయిదా పడుతోందంతే. దానికోసం మీ రేటు కోసుకోవద్దు. దానికి బదులు బిల్లు విడగొట్టి ఇవ్వండి. వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు సరిచేయడంలాంటి నిర్వహణ పనిని అక్కడ సాధారణంగా తయారీగా లెక్కించరు. కొత్త ఫీచర్ల గంటలు ఒక లైనులో, నిర్వహణ గంటలు ఇంకో లైనులో వేయండి. ఎవరు ఏ రోజు ఏం చేశారో షీటు ఉంచుకోండి. అతని ఆడిటర్ అడిగేది ఆ షీటే.